రెండు కంపెనీల కెమెరాల రంగులు కలవడం లేదు: ముఖం కుదిరితే గోడ చెడుతోంది

ప్రశ్న

నమస్కారం. కుర్చీలో కూర్చుని మాట్లాడే ఇంటర్వ్యూలను రెండు కెమెరాలతో చిత్రీకరిస్తున్నాను. ఎదురుగా పెట్టేది ఒక కంపెనీది, పక్క నుంచి ముఖాన్ని దగ్గరగా చూపేది మరొక కంపెనీది. గదిలో వెలుతురంతా ఎల్‌ఈడీ ప్యానెళ్లదే. రెండు కెమెరాల్లోనూ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా చేసే సెట్టింగు) 5600 కెల్విన్‌కే పెట్టాను. అయినా మొదటిదానిలో ముఖం పసుపు, ఆకుపచ్చల వైపు, రెండోదానిలో గులాబీ వైపు మొగ్గుతోంది. ఎడిటింగ్‌లో ముఖం కుదిరేదాకా రంగు మారిస్తే వెనక ఉన్న తెల్లగోడ నీలంగా మారుతోంది, గోడను సరిచేస్తే ముఖం మళ్లీ మొదటికి వస్తోంది. మొదటి కెమెరా 10 బిట్ లాగ్‌లో (ఎడిటింగ్‌లో రంగు మార్చుకునేందుకు వీలుగా చప్పగా రికార్డయ్యే ప్రొఫైల్‌లో), రెండోది 8 బిట్ మామూలు ప్రొఫైల్‌లో రికార్డు చేస్తాయి. లోపం సెట్టింగుల్లో ఉందా, నేను ఎడిట్ చేసే పద్ధతిలో ఉందా? దయచేసి వివరించగలరు.

సమాధానం 1

రెండు కెమెరాల్లో ఒకే కెల్విన్ అంకె పెట్టినంత మాత్రాన రెండూ ఒకే తెలుపును చూస్తాయనుకోకూడదు. కెల్విన్ అంకె నీలం నుంచి పసుపు వరకు ఉన్న మార్పును మాత్రమే చెబుతుంది, ఆకుపచ్చ నుంచి మెజెంటా వరకు ఉన్న మార్పు దానిలో లేదు. ఆ రెండోదాన్ని టింట్ అనే వేరే సెట్టింగు చూసుకుంటుంది, ఎల్‌ఈడీ వెలుతురులో ఎక్కువగా ఇబ్బంది పెట్టేదీ అదే. పైగా ఏ వెలుతురును 5600 అనాలో ప్రతి కంపెనీ తన సెన్సర్‌ను బట్టి తానే నిర్ణయించుకుంటుంది. కాబట్టి అంకెలను పక్కన పెట్టి, మాట్లాడే వ్యక్తి ముఖం ఉండే చోటనే గ్రే కార్డును (ఏ రంగు ఛాయా లేని బూడిద రంగు అట్టను) పట్టుకుని, రెండు కెమెరాల్లోనూ దాని మీదనే కస్టమ్ వైట్ బ్యాలెన్స్ తీసుకోండి. ఆటో వైట్ బ్యాలెన్స్‌ను మాత్రం పూర్తిగా ఆపివేయండి, ఎందుకంటే ఫ్రేములోకి ముదురు రంగు దుస్తులు వస్తే చాలు, షాట్ మధ్యలోనే అది మారిపోగలదు.

రంగు కంటే ముందు ఎక్స్‌పోజర్‌ను కలపాలి. మనం రంగు తేడా అనుకునేదానిలో చాలా భాగం నిజానికి వెలుతురు తేడాయే అని నా అనుభవం. మీ విషయంలో లాగ్ కూడా ఉంది కాబట్టి ఈ మాట మరింత ముఖ్యం. ఉదాహరణకు సోనీ ఎస్-లాగ్3లో 18 శాతం గ్రే వేవ్‌ఫామ్ (చిత్రంలోని వెలుగు స్థాయిని చూపే గ్రాఫ్) మీద 41 శాతం వద్ద, 90 శాతం తెలుపు 61 శాతం వద్ద ఉంటాయి, మామూలు ప్రొఫైల్‌లో అదే తెలుపు దాదాపు పై అంచు దాకా వెళుతుంది. అందువల్ల లాగ్ క్లిప్పును ముందుగా రెక్.709కు (మామూలు హెచ్‌డీ తెరల రంగు ప్రమాణానికి) మార్చి, ఆ తరువాతనే రెండో క్లిప్పుతో పోల్చండి. రెండు కెమెరాలతోనూ చిత్రీకరణ మొదట్లో 24 గళ్ల కలర్ చార్టును కొన్ని సెకన్లపాటు రికార్డు చేసి పెట్టుకుంటే, ఎడిటింగ్‌లో దేనిని దేనితో పోల్చాలన్న సందేహమే రాదు.

సమాధానం 2

పైన చెప్పినవన్నీ చేసినా, గోడ కుదిరి ముఖం కుదరని పరిస్థితి కొంత మిగలవచ్చు. అది మీ పొరపాటు కాదు. తెల్లగోడ అన్ని తరంగదైర్ఘ్యాలనూ ఇంచుమించు సమానంగా వెనక్కి పంపుతుంది కాబట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు ఛానెళ్లను సమం చేయగానే ఏ కెమెరాలోనైనా అది తెల్లగానే వస్తుంది. చర్మం అలా కాదు, ఎరుపు వైపు వెలుతురునే ఎక్కువగా వెనక్కి పంపుతుంది. సెన్సర్ మీద ఉండే రంగు ఫిల్టర్లు ఒక్కో కంపెనీకి ఒక్కో రకంగా ఉంటాయి కనుక, ఒకే చర్మాన్ని రెండు కెమెరాలు రెండు వేర్వేరు అంకెలుగా రాసుకుంటాయి. వెలుతురులో ముదురు ఎరుపు తక్కువగా ఉంటే ఈ తేడా ఇంకా పెరుగుతుంది. ప్యానెల్ మీద సీఆర్ఐ (దీపం రంగులను ఎంత సహజంగా చూపుతుందో చెప్పే కొలత) 95 అని రాసి ఉన్నా నిశ్చింతగా ఉండలేము, ఎందుకంటే ఆ సగటును 8 లేత రంగుల మీదనే లెక్కిస్తారు, ముదురు ఎరుపును చూపే ఆర్9 అందులో చేరదు. యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ 2012లో సిఫారసు చేసిన టీఎల్‌సీఐ కొలత కెమెరాను దృష్టిలో పెట్టుకుని తయారైంది కాబట్టి, దీపాలను ఎంచుకునేటప్పుడు దానిని చూడటం మేలు.

ఇక ఎడిటింగ్‌లో రెండు అంచెలుగా పనిచేయండి. మొదట ఆర్‌జీబీ పరేడ్ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం స్థాయిలను విడివిడిగా చూపే గ్రాఫ్) చూస్తూ లిఫ్ట్, గామా, గెయిన్లతో (నీడలు, మధ్య వెలుగులు, బాగా వెలిగే భాగాలను సవరించే నియంత్రణలతో) నలుపు, గ్రే, తెలుపులను మాత్రమే కలపండి, ఆ సమయంలో ముఖం వైపు చూడకండి. తరువాత హ్యూ వర్సెస్ హ్యూ (ఎంచుకున్న రంగును మాత్రమే పక్క రంగు వైపు జరిపేది) వంటి సాధనంతో చర్మపు రంగును మాత్రమే కొద్దిగా జరపండి. ముఖానికి మాత్రమే మాస్కు వేసి వెక్టర్‌స్కోప్ (రంగు దిక్కును, గాఢతను చూపే గుండ్రని గ్రాఫ్) చూస్తే, పసుపు, ఎరుపుల నడుమ ఉండే చర్మపు గీత ఆనవాలుగా పనికివస్తుంది. నలుపు, చామనఛాయ, తెలుపు అన్న తేడా లేకుండా మనుషుల చర్మమంతా ఆ గీతకు దగ్గరగానే పడుతుంది, మారేది ప్రధానంగా వెలుగు, సాచురేషన్ (రంగు గాఢత) మాత్రమే. అలాగని ముఖాన్ని బలవంతంగా గీత మీదికి లాగనక్కరలేదు. రెండు కెమెరాల ముఖాలూ ఒకే దిక్కులో పడితే చాలు.

సమాధానం 3

దేనిని దేనికి కలపాలన్నది ఇంకా ఎవరూ చెప్పలేదు. చాలామంది మంచి కెమెరాను ప్రమాణంగా తీసుకుని రెండోదాన్ని దానివైపు లాగుతారు. నేను దానితో ఏకీభవించను. 8 బిట్‌లో ఒక్కో ఛానెల్‌కు 256 మెట్లే ఉంటాయి, 10 బిట్‌లో 1024 ఉంటాయి. 8 బిట్ క్లిప్పును గట్టిగా లాగితే మీ తెల్లగోడ మీద పట్టీలు పట్టీలుగా గీతలు కనిపిస్తాయి. అందుచేత 8 బిట్ కెమెరాను చిత్రీకరణ సమయంలోనే వీలైనంత సరిగా పెట్టి, 10 బిట్ క్లిప్పును దానికి దగ్గరగా తీసుకురండి. లెన్సు మీద వేరియబుల్ ఎన్‌డీ ఫిల్టర్ (లోపలికి వచ్చే వెలుతురును కావలసినంత తగ్గించేది) వాడుతుంటే, దానిని బిగించిన తరువాతనే వైట్ బ్యాలెన్స్ తీసుకోండి, ఆ ఫిల్టర్లు తమ రంగును కొంత కలుపుతాయి. కెమెరాల వెనక ఉన్న చిన్న తెరలను పోల్చి నిర్ణయాలు తీసుకోకండి. స్టూడియోల్లో కెమెరాలన్నిటి రంగునూ ఒకే మానిటర్ మీద మార్చి మార్చి చూస్తూ సరిచేసేది ఇందుకే.

అడిగినవారు

అందరికీ ధన్యవాదాలు. గ్రే కార్డుతో మళ్లీ ప్రయత్నించాను. 10 బిట్ కెమెరాలో ఆకుపచ్చ ఎక్కువగా ఉందని పరేడ్ మీద స్పష్టంగా కనిపించింది, అది సరిచేశాక గోడ రెండింటిలోనూ ఒకేలా వచ్చింది. ముఖంలో మిగిలిన స్వల్ప తేడాను రెండో అంచెలో జరిపాను. ఈ సవరణను లట్‌గా (రంగుల మార్పును దాచి మళ్లీ వాడుకునే ఫైలుగా) దాచుకుని ప్రతి చిత్రీకరణకూ వాడుకోవచ్చా?

సమాధానం 2

అవే దీపాలు, అవే లెన్సులు, అదే ఎక్స్‌పోజర్ ఉన్నంతవరకు వాడుకోవచ్చు. అయితే మాస్కు వేసి చేసిన సవరణ లట్‌లోకి రాదు, ఫ్రేమంతటికీ వర్తించేదే వస్తుంది. ఒక్క ప్యానెల్ మార్చినా చార్టును మళ్లీ రికార్డు చేసి చూడండి.