ఫ్రేజల్ వెర్బుల్లో ‘ఇట్’ మధ్యలో రావాలా, చివర రావాలా?

పదో తరగతి పిల్లలకు ఇంగ్లిష్ ట్యూషన్ చెబుతుంటాను. క్రియకు ఆఫ్, అప్ లాంటి చిన్న మాట చేరి వేరే అర్థమిచ్చేదే ఫ్రేజల్ వెర్బ్. ‘పుట్ ఆఫ్’ అంటే వాయిదా వేయడం, ‘కాల్ ఆఫ్’ అంటే రద్దు చేయడం. అర్థాలతో పేచీ లేదు, చిక్కంతా సర్వనామంతోనే.

‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ ఒప్పే. మీటింగ్ బదులు ‘ఇట్’ వస్తే మాత్రం ‘పుట్ ఇట్ ఆఫ్’ అనే తీరాలి. సరే అనుకుంటే, ‘లుక్ ఆఫ్టర్’ (బాగోగులు చూసుకోవడం) దగ్గర వ్యవహారం తలకిందులు: ‘లుక్ ఆఫ్టర్ హర్’ ఒప్పు, ‘లుక్ హర్ ఆఫ్టర్’ తప్పు.

ఆఫ్టర్, ఇన్‌టు, ఫర్ ఉంటే విడదీయకూడదనీ, అప్, ఔట్, ఆఫ్ ఉంటే విడదీయవచ్చనీ ఒక లెక్క చెబుతూ వచ్చాను. బస్సు దిగడానికి వాడే ‘గెట్ ఆఫ్’ ఆ లెక్కకు లొంగదు; ఆఫ్ ఉన్నా దాన్ని విడదీయకూడదు. ‘ఓవర్’ మరీ మొండిది: బాధ్యత చేపట్టడమైతే ‘టేక్ ఇట్ ఓవర్’, బాధ నుంచి తేరుకోవడమైతే ‘గెట్ ఓవర్ ఇట్’!

కొన్ని నిఘంటువుల్లో విడదీయదగిన వాటికి రెండువైపుల బాణం గుర్తు ఉంటుంది గానీ, పరీక్ష హాల్లోకి నిఘంటువును రానివ్వరు కదా. చూడగానే పోల్చుకునే పద్ధతి ఏదైనా ఉందా? లేక ఒక్కోదాన్నీ ‘ఇట్’తో కలిపి వాక్యంగా బట్టీ పట్టించడమే మేలా? బోధనలో అనుభవమున్నవారు దయచేసి చెప్పండి.