అద్దె ఇంట్లో పెద్దవారి పడకగదికి పోర్టబుల్ ఏసీ సరిపోతుందా?

బెజవాడ అద్దెదారు:

అందరికీ నమస్కారం. మేము విజయవాడలో ఒక ఇంటి చివరి అంతస్తులో అద్దెకు ఉంటున్నాము. పగలంతా ఎండకు కాగిన శ్లాబు రాత్రి పదకొండు దాటినా సెగ వదులుతూనే ఉంటుంది. మా అమ్మకు 74 ఏళ్లు. నిరుడు రోహిణి కార్తెలో వరుసగా రెండు రాత్రులు నిద్రలేక నీరసించిపోతే సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. ఈ వేసవిలో ఆమెను మళ్లీ ఆ స్థితికి రానివ్వకూడదని గట్టిగా అనుకున్నాను.

ఇంటి యజమాని గోడకు రంధ్రం వేయడానికి గానీ, బయటి గోడకు యూనిట్ బిగించడానికి గానీ ఒప్పుకోలేదు. అందుకని గదిలో నేల మీదే నిలిపి వాడే 1 టన్ను పోర్టబుల్ ఏసీ కొందామని ఆలోచిస్తున్నాను. గది 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు. ఉన్నది ఒకటే కిటికీ. దానికి ఇనుప ఊచలు ఉన్నాయి, చెక్క రెక్కలు బయటికి తెరుచుకుంటాయి. కూలర్ పెట్టి చూశాము గానీ, మా ఊరి ఉక్కపోతలో దానివల్ల గది చెమ్మగిల్లి ఒళ్లంతా జిడ్డు కావడం తప్ప ఫలితం లేదు. చల్లదనం, శబ్దం, కరెంటు ఖర్చు, ఈ మూడింటి గురించి వాడినవారు చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.

ఏసీ మెకానిక్, గుంటూరు:

అద్దెదారు గారికి, ముందుగా యంత్రం పనిచేసే తీరు చెబుతాను, ఎందుకంటే మీ నిర్ణయం దాని మీదే ఆధారపడి ఉంది. 1 టన్ను అంటే గంటకు 12,000 బీటీయూల వేడిని గదిలోంచి తీయగల శక్తి, అంటే సుమారు 3.5 కిలోవాట్లు. అయితే మన మార్కెట్లో ఎక్కువగా దొరికే ఒంటి గొట్టం యంత్రం తన కండెన్సర్‌ను, అంటే గదిలోంచి తీసిన వేడిని వదిలే భాగాన్ని, చల్లబరచుకోవడానికి గదిలోని గాలినే లాగి, దాన్ని వేడెక్కించి గొట్టం ద్వారా బయటికి తోసేస్తుంది. అలా పోయిన గాలికి బదులు అంతే గాలి తలుపు కింది సందులోంచి, కిటికీ సందుల్లోంచి, పక్క గదిలోంచి లోపలికి వస్తూనే ఉంటుంది.

గంటకు 350 ఘనమీటర్ల గాలి బయటికి పోతుందనుకోండి. మీ గదిలో ఉన్న గాలి మొత్తం 34 ఘనమీటర్లే. అంటే మీరు డబ్బు పెట్టి చల్లబరచిన గాలి గంటకు దాదాపు పదిసార్లు మారిపోతున్నదన్నమాట. బయట 40 డిగ్రీలు ఉండి గదిని 27 దగ్గర నిలపాలంటే, లోపలికి చొరబడే గాలి వేడిని తీయడానికే దాదాపు 1.5 కిలోవాట్లు పోతాయి. రాత్రి బయట 32 డిగ్రీలకు దిగితే ఆ నష్టం అర కిలోవాటుకు కాస్త పైన ఉంటుంది. కానీ మీ ఊరి గాలిలో తేమ ఎక్కువ కనుక ఆ తేమను నీరుగా మార్చడానికి మరికొంత శక్తి ఖర్చవుతుంది. కాబట్టి ఇది రాత్రిపూట నిద్రకు పనికొస్తుందని చెప్పగలను గానీ, మిట్టమధ్యాహ్నం కాగిన శ్లాబు కింద స్ప్లిట్ ఏసీలాగా చల్లబరుస్తుందని మాత్రం చెప్పలేను.

ఒక హెచ్చరిక కూడా చేయాలి. గదికి ఆనుకుని ఉన్న స్నానాలగదిలో గ్యాస్ గీజర్ ఉంటే, ఈ యంత్రం లాగే గాలితో పాటు అందులోని విషవాయువు పడకగదిలోకి వచ్చే ప్రమాదం ఉంది. ఆ రెండింటినీ ఎప్పుడూ కలిపి నడపవద్దు.

మియాపూర్ గృహిణి:

హైదరాబాద్‌లో మేము రెండు వేసవులుగా పోర్టబుల్ ఏసీ వాడుతున్నాము. కంప్రెసర్ గదిలోనే ఉంటుంది కనుక శబ్దం తప్పదు. మా పిల్లలు వారం రోజులలో అలవాటుపడ్డారు గానీ, మా మామగారు మాత్రం ఆ గదిలో పడుకోలేక హాల్లోకి మారారు. మీ అమ్మగారిది తేలికపాటి నిద్ర అయితే, కొనేముందు దుకాణంలో కంప్రెసర్ నడుస్తుండగా పది నిమిషాలు దాని పక్కనే కూర్చుని విని చూడండి. ఉత్త ఫ్యాను మాత్రమే నడిపి చూపిస్తే దాన్నిబట్టి నిర్ణయించవద్దు.

గొట్టాన్ని కిటికీలో నిలపడానికి పెట్టెలో వచ్చే పట్టీ జారుడు కిటికీలకు తయారుచేసినది. మన ఊచల కిటికీలకు అది అసలు పనికిరాదు. మేము కిటికీ చట్రానికి లోపలివైపు సరిపోయేలా వడ్రంగి చేత ప్లైవుడ్ పలక కోయించి, అందులో గొట్టం పట్టేంత గుండ్రటి రంధ్రం చేయించి, అంచులకు స్పాంజి పట్టీ అంటించాము. గొట్టం మూతి ఊచలకు ఆనించి ఉంటుంది, రెక్కలు తెరిచే ఉంచుతాము. గొట్టం చేతితో ముట్టుకుంటే కాలుతున్నట్టే ఉంటుంది, కనుక దాన్ని వీలైనంత పొట్టిగా, వంపులు లేకుండా ఉంచాలి. దానికి ఇన్సులేషన్ తొడుగు తొడిగాక తేడా మాకు స్పష్టంగా తెలిసింది.

నీటి విషయం మరచిపోకండి. గాలిలోంచి తీసిన నీటిని చాలావరకు ఆవిరిచేసి గొట్టం గుండా పంపేస్తుందని చెబుతారు. మా దగ్గర ఏప్రిల్, మే నెలల్లో అది నిజమే. కానీ తొలకరి పడిన తరువాత తొట్టి నిండి అర్ధరాత్రి యంత్రం ఆగిపోయేది. విజయవాడలో మీకు ఆ ఇబ్బంది ముందే మొదలుకావచ్చు.

డాలస్ తెలుగువాడు:

ఇక్కడ చాలా అపార్ట్‌మెంట్లలో కిటికీ ఏసీలు పెట్టనివ్వరు కనుక ఈ యంత్రాలతో నాకు చాలా కాలంగా పరిచయం ఉంది. మెకానిక్ గారు చెప్పిన నష్టాన్ని లెక్కలోకి తీసుకునేందుకే అమెరికా ఇంధన శాఖ 2016లో ప్రత్యేకమైన పరీక్షా విధానం తెచ్చింది. ఇక్కడి పెట్టెల మీద పాత పద్ధతిలో 14,000 బీటీయూలు అని రాసిన చోటే, కొత్త పద్ధతి ప్రకారం 10,000 లేదా అంతకన్నా తక్కువ అంకె కనిపించడం మామూలే. అందువల్ల పెట్టె మీది టన్నును స్ప్లిట్ ఏసీ టన్నుతో సమానంగా భావించవద్దని నా మనవి. రెండు గొట్టాల రకం కండెన్సర్‌కు కావలసిన గాలిని బయటినుంచే తెచ్చుకుంటుంది. దొరికితే దానికే ప్రాధాన్యం ఇవ్వండి. ఇక గొట్టమే లేకుండా, నీళ్లు పోసి వాడమంటూ చిన్న పెట్టెలను పోర్టబుల్ ఏసీ పేరుతో అమ్ముతుంటారు. వేడిని బయటికి పంపే దారి లేని ఏ యంత్రమూ ఏసీలాగా గదిని చల్లబరచలేదు. అవి చిన్న కూలర్లు మాత్రమే.

బెజవాడ అద్దెదారు:

అందరికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. మాకు గ్యాస్ గీజర్ లేదు. కానీ అమ్మ చిన్న చప్పుడుకే లేచి కూర్చుంటుంది కనుక శబ్దం గురించి చదివాక వెనకాడుతున్నాను. నెలకు ఎన్ని యూనిట్లు అవుతాయో కూడా ఎవరైనా చెప్పగలరా?

ఏసీ మెకానిక్, గుంటూరు:

ఈ రకం యంత్రం సుమారు 1.3 కిలోవాట్లు తీసుకుంటుంది. మీ గదిలో కంప్రెసర్ ఆగకుండా నడుస్తుందనే అనుకుంటే ఎనిమిది గంటలకు పది యూనిట్లకు పైమాట, నెలకు మూడు వందలు దాటవచ్చు. అదే గదికి 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ (అవసరాన్నిబట్టి కంప్రెసర్ వేగం మార్చుకునే రకం) అయితే అందులో సగమో, అంతకన్నా తక్కువో సరిపోతుంది. ఏది కొన్నా 16 ఆంపియర్ల సాకెట్‌కే నేరుగా తగిలించాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు వాడకూడదు.

అయితే మీరు చివరి అంతస్తులో ఉన్నామన్నారు కదా. పడకగది గోడ పైభాగంలో వెంటిలేటర్ ఉందా? ఉంటే అందులో ఒక అద్దం పలక తీసి రాగి పైపులను దానిగుండా డాబా మీదికి తీసుకెళ్లి, బయటి యూనిట్‌ను డాబా నేల మీదే స్టాండుపై నిలపవచ్చు. గోడకు రంధ్రం ఉండదు. లోపలి యూనిట్ పలకకు నాలుగైదు మరలు మాత్రం పడతాయి. లోపలి యూనిట్ నీరు పల్లానికే పోవాలి కనుక ఆ సన్న పైపును మాత్రం స్నానాలగదిలోకో, బకెట్లోకో దింపుకోవాలి. ఇల్లు ఖాళీ చేసేటప్పుడు గ్యాస్‌ను బయటి యూనిట్‌లోకి లాక్కుని అంతా విప్పుకుపోవచ్చు. యజమాని గారికి ఈ పద్ధతిని వివరించి మరోసారి అడగండి. అప్పటికీ కాదంటే, రెండు గొట్టాల పోర్టబుల్ కోసం వెతకండి.

బెజవాడ అద్దెదారు:

తలుపు పైన రెండు అద్దాల వెంటిలేటర్ ఉందండీ, అది వరండావైపు తెరుచుకుంటుంది. డాబా మెట్లు కూడా అటువైపే. ఈ ఆదివారం యజమాని గారిని పిలిచి ఆ చోటు చూపించి అడుగుతాను.