కుక్కకున్న విశ్వాసం: అది అప్పా, ఊపిరా?

మొన్న మా అపార్ట్‌మెంట్ కింద షాపాయన, తన దగ్గర ఆరేళ్ళు పనిచేసి వేరే చోట చేరిన కుర్రాడిని పట్టుకుని అందరి ముందూ దులిపేశాడు. "ఇన్నాళ్ళు నా ఉప్పు తిన్నావు, కుక్కకున్నపాటి విశ్వాసం లేదేటిరా నీకు?" కుర్రాడు తల వంచుకుని నిలబడ్డాడు. మెట్ల మీద పడుకున్న మా కర్రోడు ఒక కన్ను తెరిచి చూసి మళ్ళీ మూసుకున్నాడు. వీడు ఊరకుక్కే. నాలుగేళ్ళ కిందట వానకి తడిసి గుమ్మంలోకి వచ్చాడు, ఉండిపోయాడు.

అప్పట్నుంచీ ఈ మాట నన్ను తినేస్తోంది. అందరూ అవునన్నదాన్ని కాదంటానని ఈ గ్రూపులో నాకు ఎలాగూ పేరుంది కాబట్టి చెప్పేస్తున్నాను: కుక్కని మెచ్చుకుంటూ మనం వాడే 'విశ్వాసం' అసలు మాటకి తలకిందులు.

సంస్కృతంలో 'శ్వస్' అంటే ఊపిరి తీయడం. ముందు 'వి' చేరితే భయం లేకుండా, హాయిగా ఊపిరి తీయడం. అక్కడి నుంచి నమ్మడం అనే అర్థం వచ్చింది. 'ఆ' చేరితే ఆశ్వాసం, అంటే ఊపిరి కుదుటపడటం, ఊరట. మన కావ్యాల్లో భాగాలను ఆశ్వాసాలనే అంటారు. సంస్కృతం దాకా ఎందుకు, గండం గడిస్తే "హమ్మయ్య, ఊపిరి పీల్చుకున్నాం" అనమా? 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాటిపోయిన రాత్రి విశాఖలో ఉన్నవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు.

అంటే విశ్వాసం నమ్మేవాడిది. విశ్వాసపాత్రుడంటే అవతలివాడి నమ్మకానికి తగినవాడు. విశ్వాసఘాతకుడంటే అవతలివాడి నమ్మకాన్ని చంపినవాడు. మరి "కుక్కకి విశ్వాసం ఎక్కువ" దగ్గరికి వచ్చేసరికి అదే మాట తిన్న అన్నానికి కట్టే వడ్డీ అయిపోయింది. ఈ అర్థం ఎక్కించినవాడు అన్నం పెట్టినవాడే అయుంటాడు, తిన్నవాడు అయుండడు.

కర్రోడి సంగతే చూడండి. దీపావళి రాత్రి బాత్రూంలో బకెట్ వెనక దూరి, నాలుక బయటపెట్టి రొప్పుతున్నాడు. డొక్కలు లెక్కకి అందనంత వేగంగా కొట్టుకుంటున్నాయి. లోపలికి వెళ్ళి నేల మీద కూర్చున్నాను. ముట్టుకోలేదు, బిస్కట్టూ పెట్టలేదు. అరగంటకి నా మోకాలి మీద గడ్డం ఆనించాడు. ఇంకాసేపటికి నాలుక లోపలికి పోయింది, డొక్కల వేగం తగ్గింది. వాచీ చూసి లెక్కపెట్టాను, నిమిషానికి ఇరవై. బయట టపాకాయలు ఇంకా పేలుతూనే ఉన్నాయి. నా లెక్కలో విశ్వాసమంటే ఆ ఇరవై. అందులో బాకీ ఎక్కడుంది?

పిల్లికి విశ్వాసం లేదంటారు కదా, అదీ ఈ వడ్డీ లెక్కే. 2019లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు పిల్లి కూనలను కొత్త గదిలో ఉంచి, పెంచినవాళ్ళు కాసేపు బయటికి వెళ్ళి తిరిగొచ్చాక ఎలా ఉన్నాయో చూశారు. సుమారు 64 శాతం కూనలు మనిషిని చూడగానే కుదుటపడి మళ్ళీ తమ ఆటలో పడ్డాయి. కాపలా కాయదు, తోక ఆడించదు కాబట్టి మనమే పిల్లికి సున్నా వేశాం.

పోనీ కుక్కైనా అందరికీ ధర్మదేవతా? జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు రాత్రిళ్ళు మన తీరానికి వచ్చి, గొయ్యికి వంద దాకా గుడ్లు పెట్టి, ఇసుక కప్పి వెళ్ళిపోతాయి. ఆ గొయ్యి తవ్వి తినేవాళ్ళలో మన విశ్వాస జంతువులు ముందుంటాయి. అందుకే అటవీ శాఖవాళ్ళు గుడ్లను ఏరి కంచె వేసిన చోటికి మారుస్తారు. తాబేలు వైపు నుంచి నిఘంటువు రాస్తే కుక్క అనే మాటకి ఏ అర్థం పడుతుందో ఊహించుకోండి.

ఇక ఫోను. కేబుల్ పెట్టగానే "ఈ కంప్యూటర్‌ని విశ్వసించాలా?" అని అడుగుతుంది. కంప్యూటర్ భద్రత చూసేవాళ్ళు నయం, 'జీరో ట్రస్ట్' అని సూత్రం పెట్టుకుని, ఎవరినీ ముందే నమ్మకుండా ప్రతిసారీ సరిచూస్తారు. ఊపిరి లేనిదాని దగ్గర ఆ మాట వాడకపోవడమే మర్యాద.

ఈ పోస్టు కింద గ్రూపులోవాళ్ళు రాసినవీ, నా జవాబులూ ఇవి.

గాజువాక అక్క: హిందీలో కుక్కని 'వఫాదార్' అంటారు కదా. వఫా అంటే మాట నిలబెట్టుకోవడం. కుక్క ఎప్పుడు మాటిచ్చిందో మరి! మీ వాదన అక్కడికీ పనికొస్తుంది చూడండి. కానీ గుడ్లు తిన్నందుకు కుక్కని తిట్టకండి. ఆకలికి తిన్నది.

సీతమ్మధార తమ్ముడు: అన్నా, సింపుల్. శ్వానం, విశ్వాసం రెండింటిలోనూ 'శ్వ' ఉంది. అందుకే కుక్కకి విశ్వాసం.

తమ్ముడూ, చెవికి బాగుంది గానీ కుదరదు. కుక్క 'శ్వన్', ఊపిరి 'శ్వస్', రెండింటి మూలాలూ వేరు. శ్వన్‌కి చుట్టాలు కావాలంటే గ్రీకుకి వెళ్ళు, అక్కడ కుక్క 'కుయోన్'. దాన్నుంచే డయోజెనిస్ తరహా తత్త్వవేత్తలకి 'కుక్క లాంటివాళ్ళు' అనే అర్థంలో పేరు వచ్చింది. ఇంగ్లిష్ వాళ్ళ 'సినిక్' అదే. అలెగ్జాండర్ ఎదురుగా వచ్చి ఏం కావాలో కోరుకోమంటే, ఎండకి అడ్డం తప్పుకోమన్నాడట డయోజెనిస్. అదే జంతువు అక్కడ ఎవరికీ తలవంచనివాడికి గుర్తు, ఇక్కడ ఉప్పు తిన్నవాడికి గుర్తు.

భీమిలి మాస్టారు: బాబూ, ధాతువు పట్టుకుని వేలాడితే భాష నడవదు. 'కంపు' ఒకప్పుడు సువాసన. 'సభికులు' అంటే జూదం ఆడించేవాళ్ళు. ఇప్పుడు మన గ్రూపు సభికులందరం పేకాట ఆడిస్తున్నామా? జనం కృతజ్ఞత అనే అర్థంలో వాడుతున్నారు, కాబట్టి విశ్వాసమంటే కృతజ్ఞతే. అయితే మీకు ఒక తాయిలం. మహాప్రస్థానిక పర్వంలో ధర్మరాజు వెంట వచ్చిన కుక్క గురించి ఇంద్రుడితో అన్నది 'భక్త' అని. అది నా మీద భక్తి గలది, నాతో రావాలి అన్నాడు. వెంటనే 'ఆనృశంస్యం' అన్నాడు. అంటే క్రూరత్వం లేకపోవడం. అది కుక్క గుణం కాదు, తనది.

మాస్టారూ, కంపు దెబ్బకి పడిపోయాను, ఒప్పుకుంటున్నాను. తాయిలం మాత్రం నా జేబులోనే.

జాలారిపేట నుంచి: మా ఇళ్ళల్లో 'ఇస్వాసం' కుక్కకే వాడతామండీ. సముద్రానికి వాడం. "గంగమ్మని నమ్ముకున్నాం" అంటాం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట బందు. బోట్లన్నీ హార్బర్‌లో కట్టేసి ఉంటాయి. అప్పుడు కూడా నమ్ముకునే ఉంటాం. హాయిగా ఊపిరి తీసుకుని కాదండీ, బిగబట్టుకుని. మీ లెక్కలో అది ఎక్కడుంది?

దీనికి నా దగ్గర జవాబు లేదు. నమ్మడం వేరు, నమ్ముకోవడం వేరు. ఆ 'కొను' వచ్చి తగిలాక ఇంకో దారి లేదనే అర్థం వస్తుంది. భూమిని నమ్ముకున్నవాడు, కొడుకుని నమ్ముకున్న తల్లి. విశ్వాసానికి అంత బరువు లేదు. కర్రోడు నన్ను విశ్వసించాడని రాశాను గానీ, ఆ రాత్రి తలుపేసిన బాత్రూంలో నన్ను నమ్ముకున్నాడేమో. ఇంకెటు పోతాడు?

గాజువాక అక్క: అది సరే, ఆ కుర్రాడు ఏమన్నాడు? దాని గురించి ఎవరూ అడగలేదు.

చాలాసేపు ఏమీ అనలేదక్కా. షాపాయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు మాత్రం నెమ్మదిగా, "మరి రెండు నెలల జీతం ఉండిపోనాదండి" అన్నాడు.