పని లేనప్పుడే బిగుసుకుపోతున్న డెస్క్‌టాప్ (ఉబుంటు 24.04, రైజెన్ 5 1600)

కృష్ణలంక:
రైజెన్ 5 1600, బీ350 బోర్డు, 8+8 జీబీ ర్యామ్, జీటీ 1030 కార్డు, 450 వాట్ల పాత ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా డబ్బా). రోజుకోసారి, ఒక్కోసారి రెండ్రోజులకోసారి మొత్తం బిగుసుకుపోతోంది. మౌస్ కదలదు, క్యాప్స్‌లాక్ లైటు వెలగదు. పొద్దున చూస్తే స్క్రీన్ మీద గడియారం 3:12 దగ్గరే ఆగి ఉంటుంది. చిత్రం ఏంటంటే, వీడియో ఎన్‌కోడింగ్ పెట్టి రెండు గంటలు ఉతికినా ఏమీ కాదు, వేడి 68 డిగ్రీలు దాటదు. షాపులో అడిగితే "బెజవాడ ఎండలండీ, ఏసీ గదిలో పెట్టండి" అన్నారు. ర్యామ్ మార్చాలా, ఉబుంటు మళ్లీ ఎక్కించాలా?

అరండల్‌పేట:
ఉబుంటు జోలికి ఇప్పుడే పోకండి. ముందు కెర్నల్ (ఉబుంటుకి గుండెలాంటి భాగం) బతికుందో లేదో తేలాలి. ఈసారి ఆగినప్పుడు ఫోన్ నుంచి ఆ సిస్టమ్ ఐపీకి పింగ్ కొట్టండి (నెట్‌వర్క్‌లో పలుకుతోందో లేదో చూడటం). జవాబొస్తే డిస్‌ప్లే మాత్రమే పోయినట్టు, అనుమానం గ్రాఫిక్స్ డ్రైవర్ మీద. తర్వాత ఆల్ట్, ప్రింట్‌స్క్రీన్ నొక్కిపట్టి ఎస్, యూ, బీ ఒక్కొక్కటీ రెండేసి సెకన్ల తేడాతో నొక్కండి. నెట్‌లో ఆరక్షరాల వరస (ఆర్-ఈ-ఐ-ఎస్-యూ-బీ) చెప్తుంటారు గానీ ఉబుంటులో సిస్‌ఆర్‌క్యూ (ఈ అత్యవసర కీల్లో వేటికి అనుమతో చెప్పే సెట్టింగు) విలువ 176, అందులో పనిచేసేవి ఈ మూడే. రీబూట్ అయితే కెర్నల్ బతికే ఉంది. మళ్లీ లేచాక టెర్మినల్‌లో జర్నల్‌సీటీఎల్ -కె -బి -1 (కిందటిసారి కెర్నల్ రాసుకున్న జర్నల్ చూపిస్తుంది) కొట్టి చివరి వరసలు ఇక్కడ పెట్టండి.

కృష్ణలంక:
రాత్రి మళ్లీ ఆగింది. పింగ్ లేదు, ఎస్-యూ-బీకి ఉలుకూ పలుకూ లేదు. జర్నల్‌లో 2:55కి ఏదో మామూలు వరస, ఆపైన ఖాళీ.

పటమట:
ఆ ఖాళీయే క్లూ అండీ. డిస్కు మీద ఒక్క వరస రాసే వ్యవధి కూడా లేకుండా పడిపోయింది, అంటే హార్డ్‌వేర్ వైపే చూడాలి. లోడ్‌లో బాగుండి ఖాళీగా ఉన్నప్పుడు పడిపోతోందంటే ఎండల మాట వదిలెయ్యండి, వేడి సమస్యైతే వరస తిరగబడేది. మొదటి తరం రైజెన్‌లో ఇది పాత జబ్బే. కోర్లన్నీ సీ6 అనే గాఢ నిద్రలోకి జారుకోగానే ప్రాసెసర్ లాగే కరెంటు బాగా పడిపోతుంది. అంత తక్కువ లోడ్ మీద వోల్టేజీని నిలబెట్టడం కొన్ని పాత ఎస్‌ఎంపీఎస్‌ల వల్ల కాదు.

బయోస్‌లో (సిస్టమ్ ఆన్ చెయ్యగానే తెరిచే బోర్డు సెట్టింగులు) అడ్వాన్స్‌డ్, ఏఎండీ సీబీఎస్ కింద "పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్" ఉంటుంది. ఆటో తీసేసి "టిపికల్ కరెంట్ ఐడిల్" పెట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కాస్త ఎక్కువ తింటుంది, అంతే నష్టం. ఆ వరసే కనపడకపోతే బయోస్ పాతది, అప్‌డేట్ చెయ్యాలి. యూపీఎస్ బ్యాటరీ నిలబడుతోందో లేదో చూసుకుని మొదలుపెట్టండి. మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు. అప్‌డేట్ కుదరకపోతే "గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్" (ప్రాసెసర్ నిద్రల మొత్తం సెట్టింగు) డిసేబుల్ చెయ్యండి, మొరటు మందే గానీ పనిచేస్తుంది.

బ్రాడీపేట:
పటమట గారు చెప్పింది సబబే, కానీ ర్యామ్‌ని అంత తేలిగ్గా వదలకండి. ఆ 8+8 ఒకే కిట్టా, విడివిడిగా కొన్నవా? విడివైతే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ని ఎక్కువ వేగంతో నడిపే బయోస్ సెట్టింగు) ఆపి 2133 వేగంలో నడపండి. బూట్ మెనూలో మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ని పరీక్షించే ప్రోగ్రామ్) ఉంటే రాత్రంతా వదలండి. ఒక్క ఎర్ర వరస వచ్చినా ఒక్కో స్టిక్కూ విడిగా, ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్‌లో పెట్టి పరీక్షించండి. కాకపోతే ఇదీ బయోస్ మార్పూ ఒకేరోజు చెయ్యొద్దు, దేనితో కుదిరిందో తెలీదు.

కృష్ణలంక:
ఒకే కిట్టేనండి. మెమ్‌టెస్ట్ నాలుగు పాస్‌లు శుభ్రంగా వచ్చింది. ఆ మర్నాడు టిపికల్ కరెంట్ ఐడిల్ పెట్టా. ఇవాళ్టికి అప్‌టైమ్ (ఆగకుండా నడుస్తున్న కాలం) 11 రోజులు.

పటమట:
అయితే అదే. ఇంకొక్కటి: మెయిన్ స్విచ్ ఆపి మళ్లీ వేశాక బయోస్‌లో టైమ్ తప్పు చూపిస్తే బోర్డు మీది సీఆర్ 2032 సెల్ అయిపోయినట్టు. దాంతో ఈ సెట్టింగూ ఆటోకి పోవచ్చు, మళ్లీ రాత్రుళ్లు ఆగడం మొదలవుతుంది. బయోస్ అప్‌డేట్ చేసినప్పుడూ ఓసారి చూసుకోండి.