చర్చ: 2001–2011 మధ్య మన దేశంలో బాలకార్మికులు నిజంగా 65 శాతం తగ్గారా? (గణన, కొలమానం, నడిగడ్డ, పలక అన్నవి చర్చిస్తున్నవారి పేర్లు)

గణన:
పోటీ పరీక్షల పుస్తకాల నుంచి పత్రికా వ్యాసాల దాకా ఒకే మాట తిరుగుతోంది: 2001లో 1.26 కోట్ల మంది బాలకార్మికులు ఉండేవారు, 2011 నాటికి 43.5 లక్షలకు తగ్గారు అని. రెండు అంకెలూ జనగణనవే. పోలికే తప్పు. మొదటి దాంట్లో మెయిన్ వర్కర్లూ మార్జినల్ వర్కర్లూ కలిసి ఉన్నారు, రెండో దాంట్లో మెయిన్ వర్కర్లు మాత్రమే. ఏడాదిలో ఆరు నెలలు, ఆపైన పనిచేస్తే మెయిన్, అంతకు తక్కువైతే మార్జినల్.

ఎవరికి వారు సరిచూసుకోవచ్చు. జనగణన బి-1 పట్టిక తెరిచి, 5–9, 10–14 వయసుల అంకెలు తీసుకుని, మెయిన్‌కి మార్జినల్ కలపండి. 2011కి దాదాపు 1.01 కోట్లు వస్తుంది. అంటే తగ్గింది 20 శాతం. మెయిన్‌ని మెయిన్‌తోనే పోల్చినా 57.8 లక్షల నుంచి 43.5 లక్షలు, పావు వంతు తగ్గుదల. 65 శాతం ఎటు చూసినా రాదు.

కొలమానం:
పోలిక తప్పన్నది ఒప్పుకుంటాను. కానీ మీరు చెప్పే తీరు చూస్తే అసలు తగ్గుదలే లేదన్నట్టుంది. ఆ వయసు పిల్లల్లో పనిచేసేవాళ్ల వాటా 5 శాతం నుంచి 3.9కి దిగింది. జాతీయ నమూనా సర్వేలో 2004–05లో 90.75 లక్షలు, 2009–10లో 49.84 లక్షలు, అంటే 45 శాతం తగ్గుదల. విద్యాహక్కు చట్టం అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న, కాబట్టి సర్వే చూపిన ఈ తగ్గుదల ప్రధానంగా దాని ఫలితం కాదు. వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరులో ఇచ్చిన ఆదేశం, 2006లో మొదలైన ఉపాధి హామీ, ఊరూరా బడి, వీటికి ఇందులో పాలు ఉందని నా అభిప్రాయం. ఆ పని చేసినవాళ్ల కష్టాన్ని తీసిపారేయకండి.

గణన:
తీసిపారేయడం లేదండీ. మెయిన్ వర్కర్ల అంకె ఒక్కటే పట్టుకుంటే ఏమవుతుందో ముందు దశాబ్దంలో చూడండి. 1991లో మెయిన్ 90.8 లక్షలు, మార్జినల్ 22 లక్షలు. 2001లో మెయిన్ 57.8, మార్జినల్ 68.9. మెయిన్ చూస్తే మూడో వంతుకు పైగా తగ్గారు, మొత్తం చూస్తే 1.13 కోట్ల నుంచి 1.26 కోట్లకు పెరిగారు.

కొలమానం:
అక్కడ ఇంకో మెలిక ఉంది. 2001లో ప్రశ్న అడిగే తీరు విస్తరించారు. ఇంటి చేనులో జీతం లేని సాయం, కొద్ది గంటల పని కూడా గుచ్చి అడగమన్నారు. ఇంటి వాడకానికే అయినా పాడి పనిని పనిగానే లెక్కించారు. మార్జినల్ మూడింతలవడంలో కొంత ఆ ప్రశ్న చలవే. అందుకని 1991ని 2001తో ముడిపెట్టడం కూడా జాగ్రత్తగా చేయాలి.

నడిగడ్డ:
ఇద్దరి లెక్కలూ చదివాను. ఆరు నెలల గీత దగ్గరే అసలు సంగతి జారిపోతోంది. గద్వాల, నంద్యాల వైపు హైబ్రిడ్ పత్తి విత్తనం పని చూడండి. సాయంత్రం ఫీమేల్ మొక్క మొగ్గ విప్పి కేసరాలు వలిచేయాలి, మర్నాడు పొద్దున మేల్ పువ్వు తెచ్చి పుప్పొడి రుద్దాలి. రోజుకో పూత, తప్పితే ఆ కాయ పోయినట్టే. దీన్నే క్రాసింగ్ అంటారు. ఇది సాగేది మూడు నెలల చిల్లర. అంటే ఆడపిల్ల పొద్దుగూకులూ పనిచేసినా జనగణనలో మెయిన్ వర్కర్ కాదు. చిన్న వేళ్లకే ఈ పని వస్తుందని చెప్పేది నమ్మకండి. తక్కువ కూలి, తల్లిదండ్రులకు ముందే ఇచ్చిన అడ్వాన్స్, ఇవే కారణాలు.

రానురాను పెద్ద కమతాల నుంచి చిన్న రైతుల అర ఎకరం, ఎకరం చేలకు విత్తన సాగు మళ్లింది. కూలి పిల్ల కాస్తా ‘ఇంటి పిల్ల’ అయింది.

పలక:
నడిగడ్డ గారు చెప్పింది చట్టంతో కలిపి చూడాలి. బాలకార్మిక చట్టానికి 2016లో చేసిన సవరణతో 14 ఏళ్ల లోపు పిల్లల చేత ఏ పనీ చేయించకూడదు. రెండు మినహాయింపుల్లో ఒకటి కుటుంబానికి సాయం, అదీ బడి వేళ తర్వాత, సెలవుల్లో. కుటుంబం అంటే తల్లి, తండ్రి, తోబుట్టువులతో పాటు తల్లిదండ్రుల తోబుట్టువులు కూడా. ‘మా మేనమామ చేను’ అంటే తనిఖీకి వచ్చిన అధికారికి అది కాదని తేల్చడం కష్టమవుతుంది.

అయినా క్రాసింగ్ ఈ మినహాయింపులో ఇమడదు. 2017 నిబంధనల ప్రకారం బడి వేళల్లోనూ, రాత్రి 7 నుంచి ఉదయం 8 దాకానూ సాయం కూడా చేయించకూడదు, రోజుకు మూడు గంటలు మించకూడదు. పుప్పొడి రుద్దేది పొద్దున బడి మొదలయ్యాక, బడి వేళల్లోనే. ఫిర్యాదు రాసేటప్పుడు ‘బాలిక పనిచేస్తోంది’ అని వదిలేయకుండా తేదీ, గంట, ఆ రోజు హాజరు పట్టీలో ఉన్న గుర్తు, మూడూ రాయండి. వయసుకు బాల న్యాయ చట్టం ప్రకారం బడి ధ్రువపత్రం ముందు, అది లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చే జనన పత్రం, రెండూ లేనప్పుడే ఎముకల పరీక్ష.

ఇంకో చిల్లు: వరుసగా 30 రోజులు చెప్పకుండా బడికి రాకపోతే ప్రధానోపాధ్యాయుడు ఈ చట్టం అమలు చూసే నోడల్ అధికారికి తెలపాలి. మధ్యలో ఒక్క రోజు హాజరు పడితే ఆ ‘వరుస’ తెగిపోతుంది.

కొలమానం:
ఇది నాకు తట్టలేదు. నమూనా సర్వేలో కూడా ఇదే జరిగి ఉండొచ్చు. ‘చదువుకుంటోంది’ అనగానే విద్యార్థికి వేసే కోడ్ 91 పడుతుంది. ఇంటి పనికే పరిమితమైన పిల్లకు 92, అది పని కింద రాదు. పక్క పని గురించి సర్వేయర్ విడిగా గుచ్చి అడగకపోతే మూడు నెలల కూలి ఎక్కడా నమోదు కాదు. తగ్గుదల ఉందన్న మాట మీద నిలబడతాను, 45 శాతం అన్నదాన్ని మాత్రం ఇక గట్టిగా వాడను.

గణన:
2021 జనగణన జరగలేదు కాబట్టి పదేళ్లు దాటిన అంకెలతోనే వాదించుకుంటున్నాం. శ్రామిక సర్వేల్లో బయటికొచ్చే ముఖ్య పట్టికలు 15 ఏళ్లు పైబడిన వారివి. 2019 సమయ వినియోగ సర్వే ఆరేళ్ల నుంచీ అడిగింది, కానీ ఒక్క రోజు పనుల మీదే. వచ్చే జనగణనలో ఫిబ్రవరిలో ఇంటికొచ్చే ఎన్యూమరేటర్ ‘పాప పనిచేస్తుందా’ అని అడిగితే లేదనే చెబుతారు. ‘పోయిన దసరా ముందూ వెనకా పత్తి క్రాసింగ్‌కి ఎన్ని రోజులు పోయింది’ అని పంట పేరు పెట్టి అడగాలి. నడిగడ్డ గారూ, మిర్చి ఏరడం, పసుపు, బీడీలు, మీ వైపు ఇంకేం పనులు, ఏ నెలల్లో? జిల్లాల వారీగా జాబితా ఇక్కడే రాద్దాం.