డాక్టర్ ముందు నోరు పెగలడం లేదు, ఎలా చెప్పాలి?

వానచినుకు:
కాన్పయి ఎనిమిది నెలలైంది, బాబు ఇంకా నా పాలే తాగుతున్నాడు. మా ఆయనతో కలిసిన ప్రతిసారీ మంట, లోపల గీరుకుపోతున్నట్టు నొప్పి, మర్నాడు మూత్రానికి వెళ్లాలన్నా భయమే. రెండుసార్లు డాక్టర్ దగ్గరికి వెళ్లాను. "ఏంటమ్మా ఇబ్బంది" అని ఆవిడ అడగగానే నడుం నొప్పి అనేశాను. కాల్షియం మాత్రలు రాసి పంపేశారు, ఆ డబ్బా మూత కూడా తీయలేదు. మా ఆయనకీ చెప్పలేదు. నిద్రొస్తోందని అటు తిరిగి పడుకుంటున్నాను, తనంటే ఇష్టం తగ్గిందనుకుంటున్నాడేమోనని అదో టెన్షన్. ఇది మామూలేనా? అసలు ఏ మాటలతో చెప్పాలి?

పొద్దుతిరుగుడు:
నా సమస్య వేరు కానీ నోరు పెగలకపోవడం మాత్రం అచ్చం ఇదే. పెళ్లయ్యాక ఏడాదిన్నర వరకు కలయిక సాధ్యమే కాలేదు, ప్రయత్నించినప్పుడల్లా కింద కండరాలు వాటంతటవే బిగుసుకుపోయేవి. దాన్ని వెజైనిస్మస్ అంటారని, నేను కావాలని చేస్తున్నది కాదని తెలిసిన రోజు ఎంత ఏడ్చానో. చెప్పలేక కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లి డాక్టర్ చేతికిచ్చాను. ఆవిడ చదువుతున్నంతసేపూ బల్ల మీది పెన్నుల డబ్బా వైపే చూస్తూ కూర్చున్నాను. చదివి, మడిచి పక్కన పెట్టి, "ఎప్పటినుంచి?" అన్నారు, అంతే. ఫిజియోథెరపిస్ట్ నేర్పిన వ్యాయామాలు, డైలేటర్లతో (బిగుసుకున్న కండరాలు మెల్లగా అలవాటు పడేలా లోపల పెట్టుకునే నున్నటి కడ్డీలు, చిన్న సైజు నుంచి మొదలుపెడతారు) కొన్ని నెలలకు తగ్గింది. మీరూ రాసుకెళ్లండి.

తెల్లకోటు:
ప్రసూతి వార్డులో నర్సుని. పాలిచ్చే రోజుల్లో ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ తక్కువగా ఉంటుంది, దాంతో యోని పొడిబారి లోపలి పొర పలచబడుతుంది, ఇలాంటి మంటకి చాలాసార్లు కారణం అదే. కుట్లు పడి ఉంటే ఆ మచ్చ దగ్గర లాగినట్టు నొప్పి రావచ్చు. దురద, పెరుగు ముక్కల్లాంటి తెల్లబట్ట ఉంటే ఇన్ఫెక్షన్ కూడా చూడాలి. నీటితో చేసిన లూబ్రికెంట్ (పొడిగా లేకుండా జారేందుకు రాసుకునే జెల్) వాడితే చాలామందికి తేడా తెలుస్తుంది. నూనెలు వద్దు, వాటికి లేటెక్స్ కండోమ్ చిరిగిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే అక్కడే రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీమ్ డాక్టర్ ఇవ్వచ్చు. సబ్బుతో లోపల కడగకండి. చాలామందికి వచ్చేదే, అలాగని ఓర్చుకోవాల్సిన పని లేదు. "కలిసినప్పుడు నొప్పి" అంటే చాలు, మిగతాది అడిగి తెలుసుకోవడం డాక్టర్ పని. నొప్పి మొదట్లోనా, బాగా లోపలా అన్నది మాత్రం గమనించుకుని వెళ్లండి, ఎందుకంటే లోతుగా వచ్చే నొప్పికి ఎండోమెట్రియోసిస్ (గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరగడం) లాంటి కారణాలు ఉండొచ్చు. రక్తం కనిపిస్తే అసలు ఆలస్యం చేయొద్దు.

మలిసంధ్య:
అమ్మాయ్, నాకు 57. నెలసర్లు ఆగాక నాదీ ఇదే మంట, వయసైపోయిందిలే అనుకుని ఆరేళ్లు పళ్లబిగువున భరించాను. మాటిమాటికీ మూత్రంలో ఇన్ఫెక్షన్ వస్తోందని వెళ్తే అప్పుడు బయటపడింది, రెండిటికీ మూలం ఆ పొడిబారడమేనట. ముందు మీ ఆయనకు చెప్పు తల్లీ. నేను చెప్పినప్పుడు మా ఆయన, "మరి ఇన్నాళ్లూ నన్నెందుకు ఆపలేదు?" అన్నారు. ఆ మాట నాకిప్పటికీ గుచ్చుకుంటుంది.

వానచినుకు:
రాత్రి ఆయనకు ఫోన్‌లో టైప్ చేసి చూపించాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత నా చెయ్యి పట్టుకుని నేనూ వస్తాను అన్నాడు. గురువారం వెళ్తున్నాం. కాగితం కూడా రాశాను. మొదట నడుం నొప్పి అనే రాసి, కొట్టేసి, కింద మళ్లీ రాశాను.