కేస్ షీట్ నకలు ఎవరికి, ఎంతవరకు ఇవ్వాలి?

కోనసీమ_రికార్డ్స్:
పేషెంటు కువైట్‌లో ఉంటారు. బావమరిది డిశ్చార్జి కాగితం పట్టుకొచ్చి, ఇన్సూరెన్సు క్లెయిముకని మొత్తం కేస్ షీట్ జిరాక్స్ అడుగుతారు. మీ దగ్గర ఏ కాగితాలు తీసుకుంటున్నారండి?

భీమవరం_ఎంఆర్‌డీ:
డిశ్చార్జి కాగితం చేతిలో ఉంటే సరిపోదండి. పేషెంటు సంతకంతో ఆథరైజేషన్ లెటర్ ఉండాలి. అందులో ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేరినప్పుడు ఇచ్చే ఇన్‌పేషెంట్ నంబరు), చేరిన తేదీ, ఏయే కాగితాలు కావాలి, దేనికి, ఎవరి చేతికివ్వాలి, ఇవన్నీ రాయించండి. ఇద్దరి గుర్తింపు కార్డులూ తీసుకోండి. చేరినప్పటి కన్సెంట్ ఫారం తీసి సంతకాలు పక్కపక్కన పెట్టి చూడండి. ఫోను చేస్తే ఫైల్లో ఉన్న నంబరుకే చెయ్యండి, వచ్చినాయన చెప్పిన నంబరుకు కాదు. గల్ఫ్ వెళ్ళాక ఇక్కడి సిమ్ పనిచెయ్యకపోతే, పాస్‌పోర్టు చూపిస్తూ వీడియో కాల్‌లో మాట్లాడమని చెప్పి, ఆ సంగతి రిజిస్టర్లో రాసుకోండి.

అర్జీ తీసుకున్నట్టు రాసిచ్చి 72 గంటల్లో నకలు ఇవ్వాలి. 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నిబంధన అది. డాక్టరుగారు ఊళ్ళో లేరని ఆపకూడదు.

తణుకు_ఓటీ:
అసలు ప్రమాదం ఇంకోచోట ఉందండి. చాలా ఆపరేషన్ ఫైళ్ళలో హెచ్ఐవీ పరీక్ష రిపోర్టు ఉంటుంది. క్లెయిముకని కట్ట మొత్తం జిరాక్స్ చేస్తే అది కూడా టీపీఏకి (ఇన్సూరెన్సు కంపెనీ తరఫున క్లెయిములు చూసే సంస్థకి) వెళ్ళిపోతుంది. 2017 హెచ్ఐవీ చట్టం ప్రకారం, విషయం వివరించి పేషెంటు దగ్గర విడిగా రాతపూర్వక సమ్మతి తీసుకోకుండా ఆ వివరం బయటపెట్టకూడదు. ల్యాబ్ రిపోర్టు ఒక్కటీ పక్కన పెడితే చాలదు. ప్రీ-ఆప్ (ఆపరేషన్‌కు ముందు చూసే) చెక్‌లిస్టులో, అనస్థీషియా షీట్ పైవరసలో, ఒక్కోచోట నర్సుల నోట్స్‌లో కూడా అదే ఫలితం రాసుంటుంది. ప్రతి పేజీ చదవాల్సిందే. పేషెంటే స్వయంగా తన ఫైలు అడిగితే మాత్రం ఏదీ తీసెయ్యకండి, అది ఆయన హక్కు.

పాలకొల్లు_ఫ్రంట్‌డెస్క్:
తాత పేరు మనవడికి పెట్టే ఇళ్ళలో ఇంటిపేరు, పేరు, ఊరు మూడూ కలుస్తాయి. ఐపీ నంబరు, వయసు చూడకుండా ఫైలు తీస్తే ఒకరి జబ్బు ఇంకొకరి చేతిలో పడుతుంది.

కాకినాడ_ఎంఎల్‌సీ:
పోలీసులు నోటిమాటగా అడిగితే ఇవ్వకండి. క్రైం నంబరుతో రాతపూర్వక నోటీసు ఉండాలి. 2024 జూలై 1 నుంచి అది బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 94 కింద వస్తుంది, పాత సీఆర్‌పీసీలో సెక్షన్ 91. అసలు ఫైలే ఇవ్వాల్సి వస్తే ముందు ప్రతి పేజీకీ నంబరు వేసి, పూర్తి నకలు సర్టిఫై చేసి ఉంచుకోండి. ఎన్ని పేజీలో రాయించి రసీదు తీసుకోండి. ఇన్‌పేషెంట్ రికార్డులు కనీసం మూడేళ్ళు, ఎంఎల్‌సీవి (మెడికో-లీగల్, అంటే పోలీసు కేసుతో ముడిపడ్డవి) కేసు తేలేదాకా ఉంచాలి. గోదావరి పొంగే రోజుల్లో కింది అరలో పెట్టకండి, తడిసిన పేజీలు అతుక్కుపోతే విడదీయలేం.

కోనసీమ_రికార్డ్స్:
పేషెంటు తనకే వాట్సాప్‌లో పంపమంటే?

భీమవరం_ఎంఆర్‌డీ:
ఫోటోలు వద్దండి. పాస్‌వర్డ్ పెట్టిన పీడీఎఫ్ చేసి, లెటర్లో ఆయన రాసిన మెయిల్‌కే పంపండి. పాస్‌వర్డ్ మెయిల్లో పెట్టకుండా ఫోన్లో చెప్పండి. పంపిన తేదీ, పేజీల లెక్క రిజిస్టర్లో ఎక్కించండి.